అమెరికా అధ్యక్షుడి వాంగ్మూలం చదవాలంటే ఎక్కడ అడగాలి, ఎలా అడగాలి: నా అనుభవం

2004 ఏప్రిల్ 29న జార్జ్ డబ్ల్యూ. బుష్, ఉపాధ్యక్షుడు డిక్ చెయినీ ఓవల్ ఆఫీసులో, 2001 సెప్టెంబరు 11 దాడులపై దర్యాప్తు చేసిన 9/11 కమిషన్ సభ్యుల ఎదుట కూర్చుని మూడు గంటలకు పైగా జవాబులు చెప్పారు. ప్రమాణం లేదు, టేపు లేదు, మాట మాటా రాసుకునే స్టెనోగ్రాఫర్ లేడు. కమిషన్ తరఫున రాసుకున్న నోట్సు ఆధారంగా 31 పేజీల మెమో ఒకటి తయారైంది. అది జనం చేతికి వచ్చింది 2022 నవంబరులో. అంటే పద్దెనిమిదేళ్ల తర్వాత. దేశాన్ని రెండు యుద్ధాల్లోకి నడిపిన రోజు గురించి దేశాధ్యక్షుడు దర్యాప్తు సంఘానికి ఏం చెప్పాడో తెలుసుకోవడానికి ఒక తరం పట్టింది.

ఇలాంటి కాగితాల కోసం దరఖాస్తులు రాయడం, రీడింగ్ రూముల్లో పెట్టెలు తిరగేయడం, కాదన్నప్పుడు అప్పీలుకు వెళ్లడం నేను చేస్తూ వచ్చిన పని. అమెరికాలో చరిత్ర, న్యాయశాస్త్రం, జర్నలిజం చదివే తెలుగు విద్యార్థులు ఈ దారిలోకి ఇప్పుడిప్పుడే వస్తున్నారు. వాళ్లకు పనికొచ్చే మెళకువలు ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఒక అపోహ తీర్చాలి. మన సమాచార హక్కు చట్టం, 2005 కింద అడిగే హక్కు భారత పౌరులకే ఉంది. అమెరికా సమాచార స్వేచ్ఛ చట్టం, అందరూ ఫోయా అని పిలిచేది, అలా కాదు. 1966లో వచ్చిన ఆ చట్టం ‘ఎవరైనా’ అడగవచ్చంటుంది. పౌరసత్వం, గ్రీన్ కార్డు, వీసా ఏదీ అడగరు. గుంటూరులో కూర్చుని కూడా దరఖాస్తు పంపవచ్చు. ఒక మినహాయింపు మాత్రం గుర్తుంచుకోవాలి. విదేశీ ప్రభుత్వాలు, వాటి ప్రతినిధులు అడిగితే గూఢచార సంస్థలు ఇవ్వనక్కర్లేదు. అందుకే భారత్‌లో ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో పనిచేసేవాళ్లు శాఖ లెటర్‌హెడ్ మీద కాకుండా సొంత పేరుతో, సొంత చిరునామాతో రాయడం మంచిది.

ఇంకో తేడా మరీ ముఖ్యం. మన చట్టంలో సెక్షన్ 6(3) ఉంది. తప్పు ఆఫీసుకు దరఖాస్తు పెట్టినా వాళ్లే అయిదు రోజుల్లో సరైన ఆఫీసుకు బదిలీ చేయాలి. ఫోయాలో ఒక సంస్థ లోపలి విభాగాల మధ్య మాత్రమే అలాంటి బాధ్యత ఉంది. వేరే సంస్థ దగ్గరున్న కాగితం అడిగితే ‘మా దగ్గర లేదు’ అని జవాబిచ్చి ఫైలు మూసేస్తారు. ఆ జవాబు రావడానికే నెలలు పట్టవచ్చు. కాబట్టి సగం పని దరఖాస్తు రాయకముందే అయిపోవాలి: కాగితం ఎవరి దగ్గరుందో తేల్చుకోవాలి.

ఎవరి ఫైల్లో ఉంది?

మన ఊళ్లో ఒకే పొలానికి సంబంధించి పహాణీ తహసీల్దారు దగ్గర, దస్తావేజు సబ్‌రిజిస్ట్రార్ దగ్గర, డిక్రీ కోర్టులో ఉన్నట్టే, అధ్యక్షుడి వాంగ్మూలం కూడా దర్యాప్తు చేసింది ఎవరన్నదాన్ని బట్టి వేర్వేరు చట్టాల కింద ఉంటుంది. లోపల రాసిన విషయం ఎంత సున్నితమైనదన్నది ఆ తర్వాతి మాట.

గ్రాండ్ జ్యూరీ (నేరాభియోగం మోపాలా వద్దా అని రహస్యంగా తేల్చే పౌరుల బృందం) ముందు చెప్పినదైతే ఫెడరల్ క్రిమినల్ ప్రొసీజర్ నిబంధనల్లో 6(ఇ) వర్తిస్తుంది. ఆ రహస్యానికి కాలపరిమితి లేదు. ఫోయా కింద అడిగితే మూడో మినహాయింపు (వేరే చట్టం రహస్యంగా ఉంచమన్న సమాచారం) చూపించి తిప్పి పంపుతారు.

కాంగ్రెస్ గానీ, కాంగ్రెస్ చట్టం ద్వారా ఏర్పాటైన కమిషన్ గానీ విచారించి ఉంటే అక్కడ ఫోయా అసలు వర్తించదు. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. 9/11 కమిషన్ కాగితాలు శాసన విభాగానివి. నేషనల్ ఆర్కైవ్స్‌లో రికార్డ్ గ్రూప్ 148 కింద, సెంటర్ ఫర్ లెజిస్లేటివ్ ఆర్కైవ్స్ చేతిలో ఉన్నాయి. వాటి కోసం ఫోయా దరఖాస్తు ఎంత చక్కగా రాసినా వృథాయే. సాధారణ కాంగ్రెస్ కమిటీల కాగితాలకు వేరే గడువులున్నాయి: ప్రతినిధుల సభవి 30 ఏళ్లకు, సెనేట్‌వి 20 ఏళ్లకు తెరుచుకుంటాయి, వ్యక్తిగత వివరాలున్న దర్యాప్తు ఫైళ్లకు రెండు సభల్లోనూ 50 ఏళ్లు.

వైట్‌హౌస్ సొంత కాగితాలైతే 1978 నాటి అధ్యక్ష రికార్డుల చట్టం. ఇది 1981 జనవరి 20 తర్వాతి అధ్యక్షులకు వర్తిస్తుంది. పదవి దిగిన అయిదేళ్లకు ఫోయా దరఖాస్తులు తీసుకోవడం మొదలవుతుంది. ఆరు రకాల సమాచారాన్ని అధ్యక్షుడు పన్నెండేళ్ల దాకా ఆపి ఉంచవచ్చు. సలహాదారులతో జరిగిన అంతరంగిక చర్చలు ఆ ఆరింటిలో ఒకటి. బుష్‌కు ఈ గడువు 2021 జనవరిలో ముగిసింది. అది ముగిశాక కూడా ‘అంతర్గత చర్చ’ అనే సాకును ఫోయా అయిదో మినహాయింపు రూపంలో మళ్లీ తేలేరు. అధ్యక్ష రికార్డులకు ఆ మినహాయింపు పనికిరాదని చట్టమే చెబుతుంది. తిరస్కరణ పత్రంలో ఆ అంకె కనిపిస్తే అప్పీలులో ఇదే మొదటి వాక్యం కావాలి.

నాలుగోది న్యాయశాఖ, అందులో స్పెషల్ కౌన్సెల్ (ఒక కేసు కోసమే నియమించే ప్రాసిక్యూటర్). ఇక్కడ ఫోయా పూర్తిగా వర్తిస్తుంది, మినహాయింపులూ పూర్తిగా వర్తిస్తాయి.

ఒకే వాంగ్మూలం రెండు చోట్ల ఉండవచ్చు. బుష్, చెయినీ ఇంటర్వ్యూ గురించి కమిషన్ రాసిన మెమో వాషింగ్టన్‌లో ఉంటే, ఆ ఇంటర్వ్యూకి ముందూ వెనకా వైట్‌హౌస్ లాయర్లు తయారు చేసుకున్న కాగితాలకు వెతకాల్సిన చోటు డల్లాస్‌లోని బుష్ గ్రంథాలయం. మొదటిది ఫోయాకు అందదు, రెండోది అందుతుంది. ఒక దారి మూసుకుపోతే రెండోదాన్ని ప్రయత్నించాలి.

ఇప్పటికే బయట ఉన్నవి

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ముందు వీటిని చదవాలి. అడగాల్సిన కాగితం ఎలా ఉంటుందో తెలియకుండా అడగడం కష్టం.

నిక్సన్ 1974 ఆగస్టు 9న పదవి దిగాడు. నెల తిరగకుండానే, ఆయన స్థానంలో అధ్యక్షుడైన ఫోర్డ్ క్షమాభిక్ష ఇచ్చాడు. తర్వాతి ఏడాది జూన్ 23, 24 తేదీల్లో నిక్సన్ కాలిఫోర్నియాలో తన ఇంటికి దగ్గర్లో, వాటర్‌గేట్ కుంభకోణంపై దర్యాప్తు చేస్తున్న ప్రాసిక్యూటర్లకు దాదాపు 11 గంటలు వాంగ్మూలమిచ్చాడు. వాషింగ్టన్ నుంచి ఇద్దరు గ్రాండ్ జ్యూరీ సభ్యులు కూడా వచ్చి కూర్చున్నారు. 297 పేజీలు. చరిత్రకారుడు స్టాన్లీ కట్లర్, కొన్ని చరిత్రకారుల సంఘాలు, ఆర్కైవిస్టుల సంఘం కలిసి 2010లో కోర్టుకు వెళితే, జడ్జి రాయిస్ లాంబర్త్ 2011 జులై 29న విడుదల చేయమన్నాడు. నవంబరు 10న నేషనల్ ఆర్కైవ్స్ విడుదల చేసింది. అక్కడక్కడ జాతీయ భద్రత పేరుతో కొట్టేసిన భాగాలున్నాయి.

దాన్ని చదివేటప్పుడు ఒక సంగతి మనసులో పెట్టుకోవాలి. క్షమాభిక్ష పదవిలో ఉన్నప్పటి నేరాలకే వర్తిస్తుంది. 1975లో ప్రమాణం చేసి అబద్ధమాడితే కొత్త కేసు పెట్టవచ్చు. పేజీ పేజీకీ కనిపించే ‘నాకు గుర్తున్నంతవరకు’ ధోరణికి కారణం అదే. ప్రశ్నలు ప్రధానంగా నాలుగు విషయాల చుట్టూ తిరుగుతాయి: వైట్‌హౌస్ సంభాషణల టేపులో చెరిగిపోయిన పద్దెనిమిదిన్నర నిమిషాలు, ప్రతినిధుల సభకిచ్చిన టేపుల రాతప్రతుల్లో మార్పులు, రాజకీయ ప్రత్యర్థుల మీదికి పన్నుల శాఖను తోలడం, కోటీశ్వరుడు హోవార్డ్ హ్యూస్ ఇచ్చిన లక్ష డాలర్లు. వాటర్‌గేట్ ప్రాసిక్యూటర్ల మిగతా ఫైళ్లు నేషనల్ ఆర్కైవ్స్ కాలేజ్ పార్క్ భవనంలో రికార్డ్ గ్రూప్ 460లో ఉన్నాయి. వాంగ్మూలాన్ని ఆ ఫైళ్లతో పక్కపక్కన పెట్టి చదివితేనే ప్రాసిక్యూటర్ ఏ ప్రశ్న ఎందుకు వేశాడో తెలుస్తుంది.

క్లింటన్ సంగతి దీనికి పూర్తిగా వేరు. 1998 ఆగస్టు 17న వైట్‌హౌస్ మ్యాప్ రూమ్ నుంచి వీడియో ద్వారా గ్రాండ్ జ్యూరీకి నాలుగు గంటలు జవాబులిచ్చాడు. సెప్టెంబరు 21న ఆ వీడియో దేశమంతా టీవీల్లో చూసింది. అయిదు వారాలు. నిక్సన్‌కు 36 ఏళ్లు పట్టింది, క్లింటన్‌కు అయిదు వారాలే ఎలా సరిపోయాయంటే, అప్పటి ఇండిపెండెంట్ కౌన్సెల్ చట్టం అభిశంసనకు దారితీసే సాక్ష్యాన్ని ప్రతినిధుల సభకు పంపమంది. సభ చేతికి వచ్చాక దాన్ని బయటపెట్టాలా వద్దా అన్నది ఓటుతో తేలే విషయం. ఆ చట్టం 1999లో గడువు తీరి పోయింది. ఇప్పుడు స్పెషల్ కౌన్సెల్ న్యాయశాఖ నిబంధనల కింద పనిచేస్తాడు, నివేదిక అటార్నీ జనరల్‌కు ఇస్తాడు. క్లింటన్ ఉదాహరణ చూపించి ఇప్పుడు ఏమీ రాబట్టలేం.

ట్రంప్, ఎన్నికల్లో రష్యా జోక్యంపై దర్యాప్తు చేసిన స్పెషల్ కౌన్సెల్ రాబర్ట్ మ్యుల్లర్‌కు నోటితో కాక రాతపూర్వకంగా జవాబులిచ్చాడు. అవి 2019 ఏప్రిల్‌లో వచ్చిన నివేదికలో అనుబంధం ‘సి’గా ఉన్నాయి. ఫోర్డ్ అయితే 1974 అక్టోబరు 17న నిక్సన్ క్షమాభిక్ష గురించి ప్రతినిధుల సభ ఉపసంఘం ముందు బహిరంగంగానే కూర్చున్నాడు. మన దగ్గరా ఒక ఉదాహరణ ఉంది. బరంపురం తెలుగు కుటుంబంలో పుట్టిన వి.వి. గిరి రాష్ట్రపతిగా ఉంటూనే, తన ఎన్నికను సవాలు చేసిన కేసులో 1970లో సుప్రీంకోర్టుకు సాక్ష్యమిచ్చారు. అది ప్రభుత్వ దర్యాప్తు కాదు, ఎన్నికల పిటిషన్. అయినా కోర్టులో సాక్ష్యం చెబితే దాన్ని బట్టి వచ్చిన తీర్పును ఎవరైనా చదవవచ్చు. గది తలుపులు మూసి చెబితే తరాలు ఆగాలి.

ఎండీఆర్: రహస్య ముద్ర ఉన్న కాగితానికి

బుష్ మెమో బయటికి వచ్చింది ఈ దారిలోనే. మాండేటరీ డీక్లాసిఫికేషన్ రివ్యూ, పొట్టిగా ఎండీఆర్. రహస్యమని ముద్ర వేసిన కాగితాన్ని ఆ ముద్ర ఇంకా అవసరమా అని మళ్లీ చూడమని కోరడం. దీనికి ఆధారం 2009 డిసెంబరు 29న ఒబామా సంతకం చేసిన ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ 13526, సెక్షన్ 3.5. ఫోయా అందని శాసన విభాగపు కమిషన్ కాగితం మీద కూడా వైట్‌హౌస్ లేదా సీఐఏ సమాచారం రహస్య ముద్రతో ఉంటే, ఎండీఆర్ పనిచేస్తుంది. దీని బలం ఇదే.

మొదట ఆ కాగితం ఉన్నట్టు రుజువు చేసే ఆనవాలు పట్టుకోవాలి. 9/11 కమిషన్ కాగితాలు 2009 జనవరిలో తెరిచినప్పుడు, ఇవ్వని వాటి స్థానంలో విత్‌డ్రాయల్ షీట్లు పెట్టారు. పెట్టె తెరిచినప్పుడు కాగితాల మధ్య కనిపించే ఆ ఒక్క పేజీ మీద కాగితం రకం, తేదీ, పేజీల సంఖ్య, ఎందుకు ఆపారన్న కారణం ఉంటాయి. పరిశోధకుడికి అది దొరికిందంటే సగం దరఖాస్తు రాసేసినట్టే. కమిషన్ ఇంటర్వ్యూ మెమోలు చాలావరకు నేషనల్ ఆర్కైవ్స్ ఆన్‌లైన్ క్యాటలాగ్‌లో స్కాన్ చేసి ఉన్నాయి. ముందు అక్కడ వెతికి, ఆ తర్వాతే ప్రయాణం పెట్టుకోవాలి.

దరఖాస్తు ఒక పేజీ దాటకూడదు. నేను పెట్టే క్రమం ఇది: ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ 13526, సెక్షన్ 3.5 కింద అడుగుతున్నానని మొదటి వాక్యం. తర్వాత రికార్డ్ గ్రూప్ సంఖ్య, సిరీస్ పేరు, పెట్టె సంఖ్య, ఫోల్డర్ పేరు, విత్‌డ్రాయల్ షీట్‌లోని వరస సంఖ్య, కాగితం తేదీ, పేజీలు. ఆపైన మొత్తం ఇవ్వలేకపోతే ఇవ్వగలిగిన భాగాలైనా విడదీసి ఇమ్మని ఒక వాక్యం. విత్‌డ్రాయల్ షీట్ ఫోటో జత చేయాలి. ఎందుకు కావాలన్నది రాయనక్కర్లేదు, రాసినా ఉపయోగం లేదు.

చెడిపోయేది ఎక్కడంటే, ‘ఈ విషయంపై ఉన్న కాగితాలన్నీ’ అని రాసినప్పుడు. కాగితాన్ని గుర్తుపట్టేంత స్పష్టత ఉండాలని ఉత్తర్వే చెబుతుంది. విషయం పేరుతో అడిగితే ఎండీఆర్ కింద తిప్పి పంపే హక్కు వాళ్లకుంది. గత రెండేళ్లలో సమీక్ష జరిగిన కాగితాన్ని మళ్లీ అడిగినా పట్టించుకోరు. ఒకే కాగితాన్ని ఒకేసారి ఫోయా కింద, ఎండీఆర్ కింద రెండింటా అడగకూడదు. ప్రస్తుతం పదవిలో ఉన్న అధ్యక్షుడు, ఆయన సిబ్బంది, ఆయన వేసిన కమిషన్లు పుట్టించిన సమాచారానికి ఎండీఆర్ వర్తించదు. ఇవన్నీ దాటినా ఒక హద్దు మిగులుతుంది: ఎండీఆర్ తీసేది రహస్య ముద్రను మాత్రమే. వ్యక్తిగత గోప్యత వల్లనో, కార్యనిర్వాహక విశేషాధికారం (అధ్యక్షుడు సమాచారం ఇవ్వకుండా ఆపగల అధికారం) వల్లనో ఆపిన భాగం ఈ దారిలో రాదు. భారత్ నుంచి రాసేవాళ్లు ఆ సంస్థ ఎండీఆర్ నిబంధనలు ముందుగా చదవాలి. కొన్ని సంస్థలు ఎవరు అడగవచ్చన్నదానికి ఫోయా కంటే ఇరుకైన హద్దు పెట్టుకున్నాయి.

కాగితం సంస్థల మధ్య తిరగడం వల్లే ఇంత ఆలస్యం. 31 పేజీల్లో సీఐఏ నుంచి వచ్చిన వాక్యం ఒకటుంటే అది సీఐఏ చూడాలి, విమానాల్ని కూల్చే ఆదేశం ప్రస్తావన ఉంటే రక్షణశాఖ చూడాలి, అధ్యక్షుడి మాటలున్నాయి కాబట్టి జాతీయ భద్రతా మండలి చూడాలి. ప్రతి ఒక్కరూ తమ భాగానికే బాధ్యులు, మొత్తానికి తొందర పెట్టేవాళ్లు ఎవరూ ఉండరు. జవాబుకు గడువు ఏడాది. కాదంటే సంస్థకే 60 రోజుల్లో అప్పీలు పెట్టాలి. వాళ్లకు 180 రోజులు. ఆ పైన ఐస్‌క్యాప్ ఉంది. ఏడాది దాటినా మొదటి జవాబే రాకపోతే నేరుగా అక్కడికే వెళ్లవచ్చు.

1995లో ఏర్పాటైన ఈ అంతర్ సంస్థల ప్యానెల్‌లో విదేశాంగ, రక్షణ, న్యాయ శాఖలు, నేషనల్ ఆర్కైవ్స్, జాతీయ గూఢచార సంచాలకుడి కార్యాలయం, జాతీయ భద్రతా సలహాదారు తరఫున ఒక్కొక్కరు కూర్చుంటారు. ఏ ఒక్క సంస్థకూ తన కాగితం మీద తానే ఆఖరి మాట చెప్పే వీలుండదు. బుష్ మెమో ఈ ప్యానెల్ నుంచే వచ్చింది. సంస్థ ఇచ్చిన ప్రతికీ ప్యానెల్ ఇచ్చిన ప్రతికీ తేడా చూసినప్పుడల్లా, మొదటి తిరస్కరణకే ఆగిపోయిన పరిశోధకుల గురించి నాకు బాధ కలుగుతుంది. అయితే క్యూ చాలా పొడవు, పైగా ప్యానెల్ నిర్ణయం మీద కోర్టుకు వెళ్లే హక్కు లేదు. కోర్టు దాకా వెళ్లే ఉద్దేశం ముందే ఉంటే, వర్తించే చోట ఫోయా ఎంచుకోవాలి. కోర్టుకు వెళ్లే స్తోమత లేనివాళ్లకు ఎండీఆరే మేలు.

రీడింగ్ రూములో

రిసెర్చర్ కార్డు ఉచితం. భారత పాస్‌పోర్టు చూపితే సరిపోతుంది. కమిషన్ కాగితాలు వాషింగ్టన్ నడిబొడ్డున పెన్సిల్వేనియా అవెన్యూ భవనంలో, వాటర్‌గేట్ ప్రాసిక్యూటర్లవి మేరీల్యాండ్‌లోని కాలేజ్ పార్క్‌లో. రెండూ ఒకటే అనుకుని తప్పు చోటికి వెళితే రోజు పోతుంది. ముందే ఈమెయిల్ రాసి, పెట్టెల సంఖ్యలు చెప్పి, అపాయింట్‌మెంట్ తీసుకోవాలి.

పెన్ను లోపలికి రానివ్వరు, పెన్సిల్ వాళ్లే ఇస్తారు. సంచులు లాకర్లో పెట్టాలి. బల్ల మీద ఒకసారి ఒక పెట్టె, అందులోంచి ఒక ఫోల్డర్. కాగితాల వరస చెదరకూడదు. ఫోను కెమెరాతో ఫోటోలు తీసుకోవచ్చు, ఫ్లాష్ కూడదు. ఒకప్పుడు రహస్యంగా ఉండి తర్వాత తెరిచిన కాగితమైతే, డీక్లాసిఫికేషన్ అధికార సంఖ్య ఉన్న చిన్న చీటీ బల్ల దగ్గర ఇస్తారు. అది ప్రతి ఫోటోలోనూ కనపడేలా పెట్టాలి. లేకపోతే ‘టాప్ సీక్రెట్’ ముద్ర ఉన్న పేజీ మీ ఫోనులో ఎందుకుందో బయటికి వెళ్లేటప్పుడు చెప్పుకోవాల్సి వస్తుంది. ప్రతి ఫోల్డర్‌కూ ముందుగా పెట్టె లేబులు, ఫోల్డర్ ట్యాబు ఫోటో తీయడం అలవాటు చేసుకోవాలి. తర్వాత అప్పీలు రాసేటప్పుడు ఆ రెండు ఫోటోలు లేకపోతే మళ్లీ విమానం ఎక్కాలి.

కొట్టేసిన భాగాల పక్కన అంచులో ఉండే సంకేతాలు చదవడం నేర్చుకోవాలి. 3.3(బి)(1) అంటే గూఢచార వర్గాలు, పద్ధతుల రక్షణ. 1.4(సి) అంటే గూఢచార కార్యకలాపాలు. ఫోయాలో (బి)(6) గోప్యత, (బి)(7) దర్యాప్తు ఫైళ్లు. అప్పీలు ఆ సంకేతాన్ని పట్టుకునే రాయాలి. మొత్తానికి ఒకే వాదన రాస్తే ఒకే వాక్యంలో కొట్టేస్తారు. ఇరవై ఏళ్ల నాటి విషయం ఇప్పటికే ప్రభుత్వమే ప్రచురించిన నివేదికలో ఉందని చూపగలిగితే అంతకంటే గట్టి వాదన లేదు. 9/11 కమిషన్ తుది నివేదిక వెనకాల ఉన్న నోట్సులో ఇంటర్వ్యూల తేదీలు, మెమోల ప్రస్తావనలు విరివిగా ఉన్నాయి. కొట్టేసిన పేరాకు సరిపోయే నోటు అక్కడ దొరికితే అప్పీలుకు జత చేయాలి.

ఫోయా దరఖాస్తులకు ఇంకో నాలుగు మాటలు. చట్టం ప్రకారం జవాబుకు 20 పనిదినాలు, అధ్యక్ష గ్రంథాలయాల్లో అసలు కాగితం రావడానికి సంవత్సరాలు. సిద్ధమయ్యాక కూడా మాజీ అధ్యక్షుడికీ ప్రస్తుత అధ్యక్షుడికీ 60 పనిదినాల నోటీసు ఇస్తారు, అవసరమైతే పొడిగిస్తారు. చిన్న, పెద్ద దరఖాస్తులకు క్యూలు వేర్వేరుగా ఉంటాయి కాబట్టి ఫైండింగ్ ఎయిడ్ (పెట్టెలు, ఫోల్డర్ల జాబితా) చూసి ఫోల్డర్ సంఖ్యలతో, రెండు మూడు వారాల తేదీల మధ్య కట్టడి చేసి అడగాలి. న్యాయశాఖ లాంటి సంస్థల దగ్గర సాధారణ పౌరుడికి రెండు గంటల వెతుకులాట, 100 పేజీలు ఉచితం. అంతకు మించితే ఎంతవరకు చెల్లించగలరో దరఖాస్తులోనే రాయాలి, లేకపోతే రుసుము ప్రశ్న దగ్గరే ఫైలు ఆగుతుంది. కాదంటే అప్పీలుకు కనీసం 90 రోజులు ఇస్తారు.

విద్యార్థులు ఎక్కువగా నష్టపోయేది ఈమెయిల్ వల్ల. కొన్నేళ్లు గడిచాక సంస్థ ‘ఇంకా కావాలా’ అని ఒక ఉత్తరం పంపుతుంది. 30 పనిదినాల్లో జవాబివ్వకపోతే దరఖాస్తు మూసేయవచ్చు. యూనివర్సిటీ మెయిల్ చదువు అయిపోగానే పోతుంది. మొదటి రోజు నుంచే సొంత మెయిల్ ఇవ్వాలి, చిరునామా మారినప్పుడల్లా ట్రాకింగ్ సంఖ్యతో రాసి తెలపాలి.

గ్రాండ్ జ్యూరీ దారి ఇప్పుడు

నిక్సన్ వాంగ్మూలాన్ని ఇప్పుడు మొదటిసారి అడిగితే రాదు. జడ్జి లాంబర్త్ వాడిన కొలబద్ద న్యూయార్క్‌లోని రెండో సర్క్యూట్ (ఆ ప్రాంతపు ఫెడరల్ అప్పీలు కోర్టు) 1997లో క్రెయిగ్ కేసులో పెట్టినది: అడిగేది ఎవరు, ప్రభుత్వం అభ్యంతరం చెబుతోందా, ఎందుకు కావాలి, ఎంతకాలం గడిచింది, సాక్షులు, వాళ్ల కుటుంబాలు ఉన్నాయా, ఇప్పటికే ఎంత బయటపడింది, ఇలా తొమ్మిది ప్రశ్నలు. ఒబామా ప్రభుత్వం విడుదలను వ్యతిరేకించింది, ఓడిపోయాక అప్పీలుకు వెళ్లలేదు. దానికి బదులు అటార్నీ జనరల్ ఎరిక్ హోల్డర్ నిబంధన 6(ఇ)నే మార్చి, చారిత్రక విలువ ఉన్న పాత గ్రాండ్ జ్యూరీ రికార్డులకు 30 ఏళ్ల గడువు పెట్టాలని ప్రతిపాదించాడు. జడ్జిలకు ఆ అధికారం ఎలాగూ ఉంది కదా, నిబంధన మార్చనక్కర్లేదని సలహా సంఘం పక్కన పెట్టింది. 2019 ఏప్రిల్‌లో మెక్‌కీవర్ కేసులో వాషింగ్టన్ అప్పీలు కోర్టు, నిబంధనలో రాసిన మినహాయింపులు తప్ప జడ్జిలకు వేరే అధికారం లేదని 2-1తో తేల్చింది. భారత సంతతి జడ్జి శ్రీ శ్రీనివాసన్ ఒక్కరే విభేదించారు. 2020లో సుప్రీంకోర్టు ఆ కేసు తీసుకోలేదు, జస్టిస్ బ్రేయర్ మాత్రం నిబంధనల సంఘం ఈ ప్రశ్నను మళ్లీ చూడవచ్చని రాశారు. అదే ఏడాది అట్లాంటాలోని పదకొండో సర్క్యూట్ కూడా మూసేసింది. 1942 నాటి షికాగో ట్రిబ్యూన్ గ్రాండ్ జ్యూరీ రికార్డులను 2016లో తెరిపించిన ఏడో సర్క్యూట్ తీర్పు మాత్రం అక్కడ నిలిచి ఉంది.

అధ్యక్షుల మీద దర్యాప్తులు ఎక్కువగా జరిగేది వాషింగ్టన్‌లో. అంటే సరిగ్గా అవసరమైన చోటే దారి మూసుకుంది. సాక్షులు, ప్రాసిక్యూటర్లు, జ్యూరీ సభ్యులు దాదాపు అందరూ వెళ్లిపోయాక కూడా ఒక అధ్యక్షుడి ప్రమాణపూర్వక మాటలకు కాలపరిమితి లేకపోవడం అన్యాయం. హోల్డర్ ప్రతిపాదించిన 30 ఏళ్ల గడువు న్యాయమైనది, దాన్ని మళ్లీ బల్ల మీదికి తేవాలి. ఈలోగా వాషింగ్టన్ గ్రాండ్ జ్యూరీ రికార్డు కోసం పిటిషన్ వేయాలనుకునేవాళ్లు డబ్బు, శ్రమ వేరే దారిలో పెట్టడం మేలు. సాక్షికి 6(ఇ) గోప్యత వర్తించదు. సాక్షులు తర్వాత రాసిన ఆత్మకథలు, ఇంటర్వ్యూలు, ప్రాసిక్యూటర్ల దగ్గర గ్రాండ్ జ్యూరీకి బయట ఉన్న మెమోలు ఫోయాకు అందుతాయో లేదో చూడాలి.

రాతప్రతి, టేపు, మెమో ఒకటి కావు

రహస్య పత్రాల కేసులో బైడెన్ 2023 అక్టోబరు 8, 9 తేదీల్లో స్పెషల్ కౌన్సెల్ రాబర్ట్ హర్‌కు అయిదు గంటలు జవాబులిచ్చాడు. 2024 మార్చి 12న రాతప్రతి బయటికి వచ్చింది. ఆడియో మాత్రం ఇవ్వబోమని మే 16న విశేషాధికారం వాడాడు. జూన్‌లో ప్రతినిధుల సభ 216-207 ఓట్లతో అటార్నీ జనరల్ మెరిక్ గార్లండ్‌ను ధిక్కారం కింద పట్టింది. ఆడియో 2025 మేలో యాక్సియోస్ వార్తాసంస్థ ప్రచురించాకే జనం విన్నారు. మాటలు అవే, కానీ మౌనాలు, తడబాట్లు, గొంతు తీరు కాగితం మీద లేవు. కాబట్టి దరఖాస్తులో ‘వాంగ్మూలం’ అని ఒక్క మాటతో సరిపెట్టకూడదు. రాతప్రతి, ఆడియో, వీడియో, తప్పుల సవరణ పట్టిక, అనుబంధ పత్రాలు అని విడివిడిగా రాయాలి. రాయని రూపం ఇవ్వరు.

బుష్ మెమో విషయంలో దీనికి ఉల్టా జాగ్రత్త. అందులో వేసవిలో వచ్చిన హెచ్చరికలు, ఆ రోజు ఎయిర్ ఫోర్స్ వన్‌లో సరిగా పనిచేయని సమాచార సంబంధాలు, విమానాల్ని కూల్చే అనుమతి గురించి చాలా ఉంది. కానీ అది నోట్సు తీసుకున్న మనిషి రాసిన సారాంశం. బుష్ మాటలుగా కొటేషన్ గుర్తుల్లో పెట్టి ప్రచురించడం తప్పు. ‘మెమో ప్రకారం బుష్ ఇలా చెప్పాడు’ అని రాయాలి, పేజీ సంఖ్యతో పాటు ఆ పేజీలో కొట్టేసిన భాగం ఉంటే అది కూడా చెప్పాలి. రేపు ఎవరైనా మళ్లీ అప్పీలు చేసి మరిన్ని వాక్యాలు తెరిపిస్తే, మీరు వాడింది ఏ తేదీన విడుదలైన ప్రతో చదివేవాడికి తెలిసుండాలి.